దీపం ఉండగానే: మహానటి సావిత్రి జీవితం మన ఇళ్ళకు నేర్పే పాఠం



క్రీస్తు జయంతి మరునాడు శ్రీసభ తన తొలి వేదసాక్షి పునీత స్తెఫాను వారిని స్మరించుకుంటుంది. 1981వ సంవత్సరంలో సరిగ్గా అదే రోజున, డిసెంబరు 26న, మద్రాసు నగరంలో ఒక స్త్రీ కన్నుమూసింది. అప్పటికి దాదాపు 19 నెలలుగా ఆమెకు స్పృహ లేదు. వయసు యాభై కూడా నిండలేదు. తెలుగునాట ఆమె ముఖం తెలియని ఇల్లు ఆనాడు లేదు, ఈనాడూ లేదు. ఆమె మహానటి సావిత్రి.

ఒక సినిమా నటి జీవితం కతోలిక కుటుంబాల పేజీలో ఎందుకని కొందరు అనుకోవచ్చు. పునీతుల చరిత్రలు మనకు ఎలా బ్రతకాలో చెబుతాయి. మనవంటి మామూలు మనుషుల చరిత్రలు మనం ఎక్కడ జారిపడతామో చెబుతాయి. రెండూ అవసరమే. పైగా మద్యం, గంజాయి, మత్తుబిళ్ళలు మన విచారణలలోని ఎన్నో గడపలు దాటి లోపలికి వచ్చేశాయి. ఆ సంగతిని అంకెలతో చెబితే వినేవారు తక్కువ. అందరూ ప్రేమించిన ఒక మనిషి కథగా చెబితే కొందరైనా వింటారన్న ఆశతో ఈ వారం సావిత్రి గురించి వ్రాస్తున్నాను. ఆమెను వేలెత్తి చూపడానికి వ్రాయడం లేదు. మరణించిన వారి మీద రాయి వేసే హక్కు మనకు లేదు.

చిర్రావూరు పిల్ల

సావిత్రి ఆనాటి గుంటూరు జిల్లాలో, కృష్ణ ఒడ్డునున్న చిర్రావూరు గ్రామంలో 1930ల నడుమ పుట్టింది. తండ్రి నిశ్శంకర గురవయ్య, తల్లి సుభద్రమ్మ. ఆమె చంటిబిడ్డగా ఉండగానే తండ్రి చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన తల్లి బెజవాడలోని తన అక్క దుర్గాంబ ఇంటికి చేరింది. దుర్గాంబ భర్త కొమ్మారెడ్డి వెంకట్రామయ్య ఆ పిల్లలకు తండ్రి స్థానంలో నిలిచాడు. గుణదల కొండ నీడలో ఉన్న ఆ ఊళ్ళోనే సావిత్రి పెరిగింది, అక్కడే నాట్యం నేర్చింది, అక్కడే నాటకాలాడింది. కాకినాడలో జరిగిన నాటక పోటీల్లో ప్రసిద్ధ నటుడు పృథ్వీరాజ్ కపూర్ చేతుల మీదుగా బహుమతి అందుకుంది. ఆ ఉత్సాహంతో పెదనాన్న ఆమెను మద్రాసు తీసుకెళ్ళాడు.

తొలి రోజులు చేదువే. 1950లో వచ్చిన సంసారం చిత్రంలో ఆమెకు రావలసిన ప్రధాన పాత్ర చేజారి, చిన్న వేషం మిగిలింది. 1951లో పాతాళభైరవిలో ఒక నాట్యంలో మాత్రమే కనబడింది. అయినా వెనుదిరగలేదు. 1952లో పెళ్ళిచేసి చూడు ఆమెకు గుర్తింపు తెచ్చింది. 1953లో దేవదాసు ఆమెను ఇంటింటి మనిషిని చేసింది.

దేవదాసు కథ మనకు తెలిసిందే. బెంగాలీ రచయిత శరత్‌చంద్రుని నవల అది. ప్రేమించిన పిల్లను చేసుకోలేక తాగుడుకు బానిసై, చివరకు ఆమె వాకిట ప్రాణాలు వదిలే యువకుని కథ. దేవదాసుగా వేసిన అక్కినేని నాగేశ్వరరావు మన కొల్లేటి ప్రాంతానికి దగ్గరివాడే. గుడివాడ వద్ద రామాపురంలో పుట్టాడు. తాగుబోతు కళ్ళు సహజంగా కనబడాలని ఆ సన్నివేశాలను రాత్రివేళల్లో తీశారు. నిద్ర లేని కళ్ళు తాగిన కళ్ళలా కనిపించాయి. అంటే తెర మీద మనం చూసింది మద్యం కాదు, నిద్రలేమి. చూసిన కుర్రాళ్ళు మాత్రం ప్రేమ విఫలమైతే సీసా పట్టుకోవడం ఒక గొప్ప లక్షణమని నేర్చుకున్నారు. నేటికీ మన ఊళ్ళలో ఒక పిల్లవాడు గడ్డం పెంచి తాగితే దేవదాసు అని నవ్వి ఊరుకుంటాం. అది నవ్వవలసిన విషయం కాదు.

ఆ చిత్రంలో పార్వతి సావిత్రి. కళ్ళ ముందే ఒక మనిషి మద్యంలో కరిగిపోతుంటే ఏమీ చేయలేక కుమిలిపోయే స్త్రీ పాత్ర అది. ఆ బాధ ఎలాంటిదో ఆ నటికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? అలా తెలిసిన మనిషే తరువాత అదే గోతిలో పడింది. తెలియడం ఒకటి, తప్పించుకోవడం ఒకటి. ఈ మాటను తల్లిదండ్రులు బాగా గుర్తుంచుకోవాలి. మద్యం చెడ్డదని మన పిల్లలకు తెలుసు. తెలిసినంత మాత్రాన వారు క్షేమంగా ఉన్నారని అనుకోరాదు.

మనందరి మిస్సమ్మ

1955లో మిస్సమ్మ వచ్చింది. మన క్రైస్తవ కుటుంబాలకు ఆ చిత్రం మీద ఒక ప్రత్యేకమైన మమకారం ఉంది. అందులో ఆమె మేరీ అనే క్రైస్తవ యువతి. అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి. భార్యాభర్తలైన ఉపాధ్యాయులే కావాలన్న బడిలో చేరడానికి, ఎన్.టి. రామారావు వేసిన నిరుద్యోగ యువకునితో దంపతులుగా నటిస్తూ వెళుతుంది. అందులో ఆమె మరియమాతను ప్రార్థించే పాట ఒకటి ఉంది. పి. లీల కంఠంలోని ఆ పాటను మన గుళ్ళలో ప్రార్థనగా పాడుకున్న పెద్దలు ఎందరో ఉన్నారు. చిన్నతనంలో డేరా హాలులో నేల మీద కూర్చుని ఆ చిత్రం చూసినప్పుడు, ఆ పాట రాగానే మా వెనుక కూర్చున్న ఒక ముసలమ్మ సిలువ గుర్తు వేసుకోవడం నాకు ఇప్పటికీ గుర్తు. సావిత్రి క్రైస్తవురాలు కాదు. కాని ఆ కళ్ళలోని వేడుకోలు నటన అని మాలో ఎవరికీ తోచలేదు.

1957లో మాయాబజార్, 1962లో గుండమ్మ కథ, రక్తసంబంధం, 1963లో నర్తనశాల, 1964లో మూగమనసులు. గోదావరి తీరాన, పడవ మీద నడిచే ఆ చివరి చిత్రం మన ప్రాంతపు వారికి మరీ దగ్గర. తమిళంలోనూ ఆమెకు అంతే పేరు. అక్కడ ఆమెను నడిగైయర్ తిలకం అన్నారు, అంటే నటీమణులకు తిలకం వంటిదని. సంపాదన వచ్చింది, మేడ వచ్చింది, కార్లు వచ్చాయి. వాటితోపాటు దానగుణం కూడా పెరిగింది. 1965లో పాకిస్తానుతో యుద్ధం జరిగినప్పుడు ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారిని కలిసి తన ఒంటిమీది నగలను దేశరక్షణ నిధికి ఇచ్చివేసింది. అడిగినవారికి లేదనకుండా ఇచ్చేదని ఆమెతో పనిచేసిన వారందరూ చెప్పారు.

పగుళ్ళు

1952లోనే ఆమె తమిళ నటుడు జెమిని గణేశన్‌ను పెళ్ళాడింది. ఆయనకు అంతకు ముందే భార్యాబిడ్డలు ఉన్నారు. పెళ్ళి కొన్నేళ్ళపాటు రహస్యంగానే ఉండిపోయింది. ఒక సబ్బు ప్రకటనలో ఆమె భర్త పేరు కలిపి సంతకం చేయడంతో లోకానికి తెలిసింది. ఒక కూతురు, ఒక కొడుకు కలిగారు. రహస్యం మీద కట్టిన ఇంటికి పునాది గట్టిగా ఉండదు. 1960ల చివరికి వచ్చేసరికి భార్యాభర్తల నడుమ ఎడబాటు పెరిగి, చివరకు విడిగా బ్రతకవలసి వచ్చింది.

అదే కాలంలో ఆమె దర్శకురాలు కూడా అయింది. 1968లో చిన్నారి పాపలు తీసింది. ఒక స్త్రీ దర్శకత్వం వహించడం ఆనాడు అరుదైన సాహసం. చిత్రం ఆడలేదు. మూగమనసులు కథను తమిళంలో ప్రాప్తం అన్న పేరుతో తానే నిర్మించి, తానే దర్శకత్వం వహించింది. 1971లో విడుదలైన ఆ చిత్రం ఆమెను అప్పుల్లో ముంచింది. ఆదాయపు పన్ను బకాయిలు మీద పడ్డాయి. ఆస్తులు చేజారాయి. టి. నగర్‌లోని ఇల్లు విడిచి అన్నానగర్‌లోని ఇంటికి మారింది. ఒకప్పుడు తన ఇంట్లో విందులారగించిన వారిలో చాలామంది ఆ ఇంటి దారి మరచిపోయారు.

ఇదంతా జరుగుతున్న ఏళ్ళలోనే మద్యం ఆమె జీవితంలో వేళ్ళూనుకుంది. ఇక్కడ ఒక్కక్షణం ఆగి ఆలోచిద్దాం. కష్టాలు వచ్చిన ప్రతివారూ తాగరు. తాగినవారందరూ కష్టాల వల్లనే తాగరు. కాని మనసుకు గాయమైనప్పుడు, ఒంటరితనం కమ్మినప్పుడు మొదటి గ్లాసు ఔషధంలా పనిచేస్తుంది. నిద్ర పట్టిస్తుంది, బాధను కాసేపు మరిపిస్తుంది. అదే దానిలోని వంచన. రోజులు గడిచేకొద్దీ మెదడు దానికి అలవాటు పడుతుంది. నిన్న ఒక గ్లాసు చేసిన పనికి నేడు రెండు కావాలి. కొంతకాలానికి తాగడం సుఖం కోసం కాదు, తాగకపోతే వచ్చే వణుకును, దడను, నిద్రలేమిని ఆపుకోవడానికి. అప్పటికి మనిషి చేతిలో మద్యం ఉండదు, మద్యం చేతిలో మనిషి ఉంటాడు. గంజాయి, నల్లమందు, మత్తుబిళ్ళలు, దగ్గుమందు, పిల్లలు గుడ్డలో పోసుకుని పీల్చే వైట్‌నర్ కూడా ఇదే బాటలో నడిపిస్తాయి. వస్తువు వేరైనా ఉచ్చు ఒక్కటే.

స్త్రీల విషయంలో మరొక సంగతి ఉంది. ఒకే మోతాదు తాగినా స్త్రీ శరీరంలో మద్యం పాలు ఎక్కువగా నిలుస్తుంది. కాలేయం, గుండె త్వరగా దెబ్బతింటాయి. పురుషుడు తాగితే ఊరికి తెలుస్తుంది, స్త్రీ తాగితే నాలుగు గోడల మధ్య దాస్తారు. దాచిన రోగం ముదురుతుంది. మన విచారణలలోనూ అలాంటి అక్కచెల్లెళ్ళు ఉన్నారు. వారిని గురించి వీధి అరుగు మీద మాట్లాడుకునేవారు చాలామంది, ఆసుపత్రికి తోడు వెళ్ళేవారు తక్కువ.

చివరి 19 నెలలు

సావిత్రికి షుగరు వ్యాధి కూడా ఉంది. అయినా పని మానలేదు, బిడ్డల కోసం చిన్న చిన్న వేషాలు వేసింది. పాలకొల్లు బిడ్డ దాసరి నారాయణరావు 1979లో తీసిన గోరింటాకులో మనం ఆమెను చూశాం. 1980 మే నెలలో షూటింగు పనిమీద కర్ణాటక వెళ్ళినప్పుడు బెంగళూరులో స్పృహ కోల్పోయింది. అక్కడి ఆసుపత్రిలోనూ, తరువాత మద్రాసులోనూ వైద్యం జరిగింది. ఆమె మళ్ళీ మునుపటి మనిషి కాలేదు. ఏడాదిన్నరకు పైగా ఆ స్థితిలోనే ఉండి 1981 డిసెంబరు 26న మరణించింది. ఎముకల గూడుగా మారిన ఆనాటి ఆమె ఫొటో ఈనాటికీ సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. దయచేసి దానిని ఎవరికీ పంపకండి. మన ఇంటి ఆడబిడ్డ అయితే పంపుతామా?

షుగరు, మద్యం కలిస్తే ఏమవుతుందో మన ప్రతి ఇంటికీ తెలియాలి. కోస్తాలో షుగరు లేని వీధి లేదు. మన మెదడు రక్తంలోని గ్లూకోజు మీద ఆధారపడి పనిచేస్తుంది. భోజనం చేయని వేళల్లో ఆ గ్లూకోజును తయారుచేసి అందించేది కాలేయం. మద్యం ఒంట్లో ఉన్నప్పుడు కాలేయం ఆ పనిని పక్కన పెట్టి మద్యాన్ని విరిచే పనిలో పడుతుంది. షుగరు బిళ్ళ వేసుకుని లేదా ఇన్సులిన్ సూది వేసుకుని, అన్నం తినకుండా తాగిన మనిషికి రక్తంలో గ్లూకోజు అమాంతం పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. చూసేవారు తాగిన మైకమే అనుకుని పడుకోబెట్టి పోతారు. తెల్లవారేసరికి మనిషి లేవడు. కనుక షుగరు ఉన్న మనిషి తాగి మత్తుగా పడిపోతే నిద్రపోనివ్వక, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకండి.

మిస్సమ్మ కథానాయకుడే

ఇక్కడ చరిత్రలో ఒక విచిత్రమైన మలుపు ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న పేద స్త్రీలు 1991, 1992 సంవత్సరాలలో సారా అంగడి మీద తిరగబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధించబడింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధానికి పూనుకోగా, 1995 జనవరి 16 నుండి అది అమలులోకి వచ్చింది. మిస్సమ్మలో మేరీ పక్కన నిలిచిన కథానాయకుడే ఆయన. తనతో అన్ని చిత్రాలలో నటించిన మనిషి ఎలా పోయిందో ఆయనకు తెలియనిది కాదు.

1997లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. చట్టం మంచిదే, కాని చట్టం ఒక్కటే చాలదని ఆ రెండేళ్ళూ చూపాయి. దొంగసారా కాసేవారు, పొరుగు రాష్ట్రాల సీసాలు తెచ్చేవారు ఆ రోజుల్లో బాగుపడ్డారు. 2022 మార్చిలో మన జంగారెడ్డిగూడెంలో వరుస మరణాలు సంభవించినప్పుడు, నాటుసారా తాగడం వల్లనే తమవారు పోయారని ఎన్నో కుటుంబాలు ఏడ్చాయి. సహజ మరణాలని ప్రభుత్వం అన్నది. వాదం ఎటు పోయినా విధవలైన స్త్రీలు మన జిల్లా స్త్రీలే.

కొల్లేటి చేపల చెరువుల మీద రాత్రి కాపలా ఉండే కుర్రవాడు చలికి, దోమలకు, ఒంటరితనానికి తాగడం మొదలుపెడతాడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీ ఒళ్ళు నొప్పులకు తాగుతాడు. ఏలూరులో కాలేజీ చదివే అబ్బాయికి స్నేహితుడు గంజాయి పొట్లం మొదటిసారి ఉచితంగానే ఇస్తాడు. ఎవరూ బానిస కావాలని మొదలుపెట్టరు. పండుగకు తాగడం మర్యాద, పెళ్ళికి పోయడం గౌరవం, సంక్రాంతి కోడిపందాల దగ్గర తాగనివాడు చేతకానివాడు అనే మాటలే మొదటి గ్లాసును వారి చేతికిస్తాయి. ఆ మాటలు అనేది మనమే.

నేను చేసిన పొరపాటు

చాలా ఏళ్ళ క్రితం ఒక క్రీస్తు జయంతి రాత్రి పూజకు కొందరు తాగి వచ్చారు. నాకు కోపం వచ్చింది. ప్రసంగంలో వారిని కఠినంగా మందలించాను. పేరు చెప్పకపోయినా ఎవరిని అంటున్నానో అందరికీ తెలిసింది. వారిలో ఒకాయన భార్యా పిల్లలు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. ఆ తల్లి కొంగు ముఖం మీదికి లాక్కోవడం చూశాను. చూసి కూడా ఆపలేదు. మరుసటి ఆదివారం నుండి ఆ కుటుంబం గుడికి రాలేదు. నా ప్రసంగం విని తాగుడు మానినవారు ఒక్కరూ లేరు. గుడి మానిన కుటుంబం ఒకటి ఉంది.

ఆ ఇంటి గడప తొక్కడానికి నాకు మూడు నెలలు పట్టింది. వెళ్ళి ఆ అమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆ తరువాత ఆమె భర్తను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన మానాడు, మళ్ళీ పడ్డాడు, మళ్ళీ మానాడు, మళ్ళీ పడ్డాడు. ఈనాటికీ ఆయన పోరాటం ముగియలేదు. కాని ఆదివారం పూజకు చివరి బెంచీలో వచ్చి కూర్చుంటాడు. నేను సెమినరీలో తత్వశాస్త్రం చదివి మనిషి స్వేచ్ఛ గురించి పరీక్షలు వ్రాశాను. సంకెళ్ళలో ఉన్న స్వేచ్ఛ ఎలా ఉంటుందో ఆ చివరి బెంచీ దగ్గర నేర్చుకున్నాను.

శ్రీసభ బోధన ఈ విషయంలో రెండు వైపులా స్పష్టంగా ఉంది. మద్యంలో మితిమీరడం, మాదకద్రవ్యాలు వాడడం తప్పని, మత్తుమందులు తయారుచేసి అమ్మడం ఘోరమైన నేరమని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతుంది. అలవాటు, భయం, మానసిక స్థితి వంటివి మనిషి బాధ్యతను తగ్గించవచ్చని కూడా అదే గ్రంథం బోధిస్తుంది. పాపాన్ని పాపమని అనాలి. రోగిని రోగిగా చూడాలి. రెంటిలో ఏది విడిచినా మనం తప్పిపోతాం.

చైనా దేశపు మార్కు జి తియన్‌షియాంగ్ ఈ విషయంలో మనకు పెద్ద ఓదార్పు. 1834లో పుట్టిన ఈయన వైద్యుడు, పేదలకు ఉచితంగా వైద్యం చేసినవాడు. కడుపు నొప్పికి నల్లమందు తీసుకుని దానికి బానిసయ్యాడు. ఆ నల్లమందులో ఎంతో భాగం ఆనాడు మన గంగా మైదానాల పొలాల నుండే ఆంగ్లేయుల వ్యాపారం ద్వారా చైనా చేరేది. పాపసంకీర్తనానికి మళ్ళీ మళ్ళీ అదే పాపంతో వస్తుంటే, మానే ఉద్దేశం లేదని తలచి గురువులు ఆయనకు పాపక్షమాపణ నిరాకరించారు. ఇంచుమించు 30 ఏళ్ళు ఆయన దివ్యసత్ప్రసాదానికి దూరంగా ఉన్నాడు. గుడికి మాత్రం దూరం కాలేదు. 1900లో బాక్సర్ల తిరుగుబాటులో కుటుంబంతో సహా బంధించబడి, తనవారిలో ఎవరూ ఒంటరిగా చావకూడదని తనను చివర చంపమని వేడుకుని ప్రాణమర్పించాడు. 2000 అక్టోబరు 1న రెండవ జాన్ పాల్ పోపుగారు చైనా వేదసాక్షులతో పాటు ఆయనను పునీతునిగా ప్రకటించారు. నల్లమందు నుండి ఆయన పూర్తిగా బయటపడ్డాడని చరిత్ర చెప్పదు. అయినా నేడు బలిపీఠం మీద గౌరవం పొందుతున్నాడు. మన ఇంట్లో తాగే మనిషిని దేవుడు విడిచిపెట్టాడని మనం ఎలా అనగలం?

మనం చేయగలిగినది

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు అన్నారు. సావిత్రి చుట్టూ లక్షలమంది అభిమానులు ఉన్నారు, చేయి పట్టుకుని ఆపగలిగిన కొద్దిమంది మాత్రం కరువయ్యారు. మన ఇళ్ళలో అలా జరగనివ్వకూడదు. కనుక కొన్ని మాటలు.

ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకండి. అలా మాన్పిస్తే ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

మాన్పించే మందని కూరలో, కాఫీలో తెలియకుండా కలపకండి. ఆ బిళ్ళ వేసుకున్న మనిషి మద్యం తాగితే గుండెదడ, వాంతులు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. రోగికి చెప్పి, అతను ఒప్పుకున్నాక, డాక్టరు రాసిస్తేనే అది మందు. లేకపోతే విషం.

ప్రభుత్వ పెద్దాసుపత్రులలో మానసిక వైద్యులు ఉన్నారు. వారి దగ్గరకు వెళ్ళడం పిచ్చికి గుర్తు కాదు. మత్తు నుండి బయటపడాలనుకునే వారికి, వారి కుటుంబాలకు సలహా కోసం 14446 అనే జాతీయ ఉచిత ఫోను నంబరు ఉంది. ఊళ్ళో గంజాయి అమ్ముతున్నట్లు తెలిస్తే రాష్ట్ర పోలీసుల 1972 నంబరుకు చెప్పవచ్చు. పిల్లవాడు ఒక్కసారిగా చదువు వదిలేసినా, కొత్త స్నేహాలు దాచినా, ఇంట్లో డబ్బు మాయమవుతున్నా కొట్టడానికి ముందు కూర్చోబెట్టి అడగండి. నిజం చెప్పినందుకు వాడికి దెబ్బలు పడితే రెండోసారి నిజం చెప్పడు.

మరియదళ సభ్యులకు, ఉపదేశులకు, యువజన సంఘాల వారికి నా మనవి ఒక్కటే. ఈ ఆగమన కాలంలో మీ వీధిలో తాగుడు వల్ల చితికిన ఇల్లు ఒకటి ఎంచుకోండి. జపమాల చెప్పుకుని వెళ్ళండి. వెళ్ళి ఉపన్యాసం చెప్పకండి. ఆ ఇల్లాలితో ఒక గంట కూర్చోండి. ఆసుపత్రికి బస్సు ఎక్కవలసి వస్తే తోడు వెళ్ళండి. పండుగ రాత్రి మన విచారణ విందులో సీసా కనబడకుండా చూడండి. తాగనివారిని హేళన చేయడం మానుకోండి.

డిసెంబరు 26న పునీత స్తెఫాను వారి పూజలో వ్యసనాల వల్ల మరణించిన వారందరి ఆత్మశాంతి కొరకు ప్రార్థిద్దాం. ఆ ప్రార్థనలో మన మిస్సమ్మను కూడా తలచుకుందాం. తెరమీద ఆమె మరియమాతను వేడుకున్నప్పుడు మన అమ్మమ్మలు సిలువ గుర్తు వేసుకున్నారు. ఆనాడు ఆ తల్లులు ఆమె కోసం తెలియక చేసిన ప్రార్థనను నేడు మనం తెలిసి చేద్దాం. ఆ తరువాత లేచి, మన పక్క ఇంటికి వెళదాం.

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక.